ఎగుడుదిగుడు అడుగులు

మార్చి 5
ఆడపిల్ల. తల కిందికి తిరగలేదు, అందుకే ఆపరేషన్. అందరూ ముక్కు ఎవరిదని చూస్తున్నారు. నేను రెండు తొడల మడతలూ సమంగా ఉన్నాయా అని చూస్తున్నాను. నా ఎడమ తుంటి పుట్టుకతోనే జారి ఉందని, నేను కుంటుతూ నడిచేదాకా మావాళ్ళకి తెలియలేదు.

మార్చి 6
డాక్టర్ రెండు తొడలూ పట్టుకుని విప్పి చూశారు. తుంటి జారుతున్న క్లిక్ ఏమీ లేదన్నారు. అప్పట్లో నాకూ లేదనే అన్నారట. అల్ట్రాసౌండ్ రాయమని పట్టుబట్టాను. ఆరో వారంలో రమ్మన్నారు. పచ్చి బాలింతవి, లేనిపోని దిగులు పెట్టుకోకమ్మా అంది అత్తయ్య. ఆవిడకేం, నిటారుగా నడుస్తుంది.

మార్చి 29, మధ్యాహ్నం
పాప గుక్కపట్టి ఏడుస్తుంటే వంటింట్లోంచి పరిగెత్తాను. నేను గుమ్మం దాటకముందే ఏడుపు ఆగింది. నీ అడుగుల చప్పుడు గుర్తుపడుతోంది, ఇంకెవరొచ్చినా ఊరుకోదు అని మా ఆయన మురిసిపోయారు. నాకు ఒళ్ళు మండింది. ఒకటి దబ్, ఒకటి ఈడ్పు. అదా నా పిల్లకి జోలపాట? చప్పుడు రాకుండా మెత్తటి చెప్పులు తెప్పించుకున్నాను.

ఏప్రిల్ 15
చీకటి గది, చల్లటి జెల్. స్కాన్ చేసే అమ్మాయి స్క్రీన్ మీద గీతలు గీసి కోణం కొలిచింది. ఎడమ తుంటి గిన్నెకి లోతు లేదట, తొడ ఎముక బంతి సగం బయటే ఉందట.
నాదీ ఎడమే. నా దగ్గర తీసుకోవడానికి నీకు ఇంకేమీ దొరకలేదా తల్లీ?

ఏప్రిల్ 16
బెల్టులు కట్టారు. కాళ్ళు కప్పలా విడదీసి, రాత్రీ పగలూ. విప్పకూడదు. స్నానం లేదు, తడిగుడ్డే.

ఏప్రిల్ 20
ఏడుపు.

ఏప్రిల్ 27
ఒక్క గంట విప్పమని అత్తయ్య నా చేతులు పట్టుకుని ఏడ్చింది. విప్పితే నాలా అవుతుంది, మీకు ఇంకో కుంటిది కావాలా అని అరిచాను. ఈ ఇంట్లో ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అనలేదు. నేనే అన్నాను.

మే 13
రేపు మళ్ళీ స్కాన్. బంతి గిన్నెలో కూర్చోకపోతే మత్తిచ్చి, నడుం నుంచి కాళ్ళదాకా పిండికట్టు.

మే 14
పాప ఒకటే గింజుకోవడం. కదిలితే బొమ్మ సరిగా రాదట. ఆయన బుజ్జగించారు, అత్తయ్య చిటికెలు వేసింది, స్కాన్ అమ్మాయి గిలక్కాయ ఆడించింది. చివరికి ఇంకో రోజు తీసుకురండి అంది. ఇంకో రోజుదాకా నేను బతకను.
మెత్తటి చెప్పులు విప్పేశాను. ఆ గోడ నుంచి ఈ గోడకి నడిచాను. గట్టిగా, అందరి ముందూ. దబ్, ఈడ్పు. దబ్, ఈడ్పు.
పాప కదలకుండా వింది.
బొమ్మ వచ్చింది. బంతి గిన్నెలో ఉంది. బెల్టులు ఇంకొన్నాళ్ళు ఉంచాలట. ఉంచుతాను.

మే 15
పొద్దుటి నుంచీ ఇల్లంతా నడుస్తున్నాను. కాసేపు కూర్చోవే అని అత్తయ్య తిడుతోంది.