నాలుగో పట్టీ

బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేస్తున్న ఆయన భార్యను, ఈ వీధంతా చొక్కాల పెద్దమ్మ అని పిలుచుకున్న ఆమె కోడలిని అయిన నేను, పూర్తి తెలివితో, స్థిరమైన బుద్ధితో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా సొంత చేతితో రాసుకుంటున్న వీలునామా. దీనికి ముందు నేను వేరే వీలునామా ఏదీ రాసి ఉండలేదు.

ఇంతవరకు దస్తావేజులు రాసే గుమాస్తాగారు చెప్పి రాయించారు. "నీ పేర ఏముందని తల్లీ, రాయడానికి?" అని నవ్వారాయన. నిజమే, పెద్దగా ఏమీ లేదు. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. పదిమందిలో నోరు విప్పి చెప్పడం నాకు రాదు. అందుకే రాస్తున్నాను.

నా గుండె బలహీనంగా ఉందని, కాన్పుకు తట్టుకుంటుందని మాటివ్వలేనని డాక్టరమ్మ చెప్పారు. ఎల్లుండి ఆసుపత్రిలో చేరుతున్నాను. బిడ్డ మాత్రం బాగానే ఉందట.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా వదినకు, అంటే మా ఆయన అక్కకు, అప్పగిస్తున్నాను. అత్తయ్య పోయాక కుట్టుమిషన్ను వదిన బండి మీద ఎక్కించి తీసుకుపోయింది. "నోట్లో నాలుక లేని పిల్ల. దీనికి మిషనిస్తే సూదిని చూసి కూడా మొహమాటపడుతుంది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మిషన్ కాళ్ళ గుర్తులు ఇంకా నేల మీద ఉన్నాయి. ఆ చోట నేను ఏ సామానూ పెట్టలేదు. మిషన్ నాది కాదు కనుక దాన్ని ఎవరికీ రాసే హక్కు నాకు లేదు. ఆ మాట గుచ్చుకుందని మాత్రం రాస్తున్నాను. అయినా వదిననే ఎందుకు పెట్టుకున్నానంటే, నా మాట నిలబెట్టడానికి నోరున్న మనిషి కావాలి. మా ఇంట్లో నోరున్నది వదినకే.

2. అత్తయ్య కత్తెర, గుడ్డముక్కల సంచీ ప్రసూతి వార్డు ఆయాకు చెందాలి. ఆమెకు కుట్టు వచ్చు. ఆ సంచీ సంగతి కూడా ఇక్కడే రాయాలి, లేకపోతే బిడ్డకు చెప్పేవాళ్ళుండరు.

మామయ్య పోయేనాటికి మా ఆయనకు ఇంకా నడక రాలేదట. అత్తయ్య స్కూలు యూనిఫారాలు కుట్టే కొట్టులో చేరి ఇద్దరు పిల్లల్నీ పెంచింది. పొద్దున్నే లేచి గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకునేది. ఇలా మూసి అలా తెరిచేది. ఇంతేనా అత్తయ్యా అంటే, "మన సంగతి ఆయనకు తెలుసే. రోజూ సొద పెడితే ఆయనకీ విసుగొస్తుంది" అనేది. తర్వాత కొట్టులో మిగిలిన ముక్కలు ముందేసుకుని పసిపిల్లల చొక్కాలు కుట్టేది. శుక్రవారం వాటిని వార్డుకు తీసుకుపోయి, బట్ట లేకుండా పుట్టినవాళ్ళకు తొడిగేది. ఆమె తొలి కాన్పులో బిడ్డను చుట్టడానికి ఏమీ లేకపోతే, పక్కమంచం ఆవిడ తన తువ్వాలు ఇచ్చిందట. "తిరిగిద్దామంటే ఆవిడెవరో తెలియలేదు. అందుకే పుట్టిన ప్రతివాడికీ ఇస్తున్నా" అనేది. ఆ తువ్వాల్లో పడుకున్న పిల్లే మా వదిన.

చొక్కాకు వెనకాల ముడివేయడానికి నాలుగు పట్టీలుంటాయి. అత్తయ్య మూడే కుట్టేది. నాలుగోదాన్ని, దారమెక్కించిన సూదితో చొక్కాకు గుచ్చి తల్లి చేతికిచ్చేది. "ఇదొక్కటీ నువ్వు కుట్టు. బిడ్డకు నీ చెయ్యి తగలాలి" అనేది. రాదని సిగ్గుపడేవాళ్ళతో, "వంకర పోతే పోనీలే, వాడికిప్పుడు చూపే ఆనదు" అని నవ్వించేది.

ఒకసారి కాన్పులో తల్లి పోయింది. బిడ్డను తీసుకుపోవడానికి పినతల్లి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. అత్తయ్య సూది తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టింది. నేను కన్నది కాదు కదమ్మా అని ఆమె ఏడ్చింది. "కన్నమ్మ లేకపోతే పెంచేదే కుడుతుంది. దారానికి ఆ తేడా తెలియదు" అంది అత్తయ్య. నేను పక్కనే సంచీ పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఆఖరి శుక్రవారం జ్వరంతోనే వెళ్ళింది. చొక్కాలన్నీ పంచి, ఖాళీ సంచీ మడిచి చంకన పెట్టుకున్నాక వార్డు మెట్ల మీద కూలిపోయింది. సాగనంపడానికి ఎక్కడెక్కడి తల్లులో పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. మా పిల్లకు మొదటి బట్ట ఆమెదే, మా వాడికీ ఆమెదే అని ఒకరికొకరు చెప్పుకున్నారు. వాళ్ళను చూసేదాకా నేను ఏడవలేదు.

3. నా చెవి దుద్దులు, పెళ్ళి చీర బిడ్డకు. మగపిల్లవాడైతే చీర చింపి పక్కగుడ్డలు చేయండి, మెత్తగా ఉంటుంది.

4. మా ఆయనకు: కుళాయి దగ్గరున్న గోళ్ళ బ్రష్షు. నన్ను ముట్టుకునేముందు మీరు దానితో గ్రీజు పోయేదాకా చేతులు తోముకునేవారు. వద్దండీ అని చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో, సిగ్గేసి చెప్పలేదు. బిడ్డ ఏడుస్తుంటే బ్రష్షు వెతుక్కోకండి. ఆ నల్లచేతులతోనే ఎత్తుకోండి. తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకోండి. ఇది నా కోరిక కనుక ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టకూడదు. మీకు టీ పెట్టుకోవడం కూడా రాదు. ఒక్కరే ఎలా ఉంటారు?

5. నా తర్వాత ఈ ఇంటికి వచ్చే ఆమెకు:

వయసు తెలియదు కనుక చెల్లీ అంటున్నాను. వంటింటి తలుపు కాస్త ఎత్తి వేస్తేనే పడుతుంది. ఆయనకు కోపమొస్తే మాట్లాడరు, అన్నం తిన్నాక మామూలైపోతారు. వదిన నోరు పెద్దది, కానీ జ్వరమొస్తే ముందు వచ్చేది ఆమే. నా ఫొటో గోడకు పెట్టనివ్వకు. రోజూ దాని కింద తిరగడం నీకు కష్టం. బిడ్డను నిన్నే అమ్మా అని పిలవనివ్వు. అత్తయ్య సంగతి తప్పకుండా చెప్పు. నా సంగతి అడిగితే చెప్పు.

పెట్టెలో అడుగున కాగితంలో చుట్టిన చొక్కా ఒకటి ఉంది. మామయ్య పాత చొక్కా నుంచి అత్తయ్య కుట్టింది, నాకు నెల తప్పకముందే. మూడు పట్టీలున్నాయి. నాలుగోది సూదితో గుచ్చి ఉంది. "నా కోడలు కుట్టుకుంటుంది" అని దాచింది.

నిన్న దాన్ని తీశాను. ఎలాగూ కష్టమంటున్నారు కదా, ముందే కుట్టేసుకుందాం, నా చెయ్యి కూడా బిడ్డకు తగులుతుంది అనుకున్నాను. సూది బట్టలో దించాను కూడా. మళ్ళీ లాగేశాను. నేను కుట్టేస్తే నీకు చోటుండదు.

నేను తిరిగి వస్తే ఈ కాగితం చింపేసి ఆ పట్టీ నేనే కుట్టుకుంటాను. రాకపోతే అది నీది. దారం ఎక్కించే ఉంచాను. వంకర పోయినా పర్వాలేదు.

జూలై పదకొండు, సోమవారం.

సంతకం: చొక్కాల పెద్దమ్మ కోడలు

ఆమె మా ఎదుట సంతకం చేయగా చూసిన సాక్షులు:
ఎదురింటి టీచరమ్మ
దస్తావేజుల గుమాస్తా