మొదటి పట్టు

నాయినా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మేడ్చల్ షెడ్డులో మా యంత్రం ఇవాళే మొదటిసారి గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టింది.

నేను ఈ కంపెనీలో చేరిన రోజు, శామీర్‌పేట చెరువు గట్టున వల అల్లుతూ "గాలికి గూడ వలేస్తరా బిడ్డా?" అని నవ్వావు. మనుషులు వదిలే ఊపిరిలో ఉండే వాయువునే పట్టుకుంటామన్నాను.

"గట్లయితే మొదటి పట్టు ఇడిశిపెట్టుండ్రి" అన్నావు. కొత్త వలలో పడ్డ మొదటి చేపను నువ్వెప్పుడూ చెరువుకే వదిలేవాడివి.

ఇవాళ యంత్రం పట్టిన వాయువుతో సంచి నిండగానే అందరూ చప్పట్లు కొట్టారు. నేను వాల్వు తిప్పేశాను.

"ఏంది మేడం, పట్టిందంతా ఇడిశిపెట్టిన్రు?" అని మెకానిక్ యాదగిరి అరిచాడు. నీ వల సంగతి చెప్పాను.

ఇంకోటి చెప్పలేదు. నేను నీ దగ్గరికి చేరుకునేలోపే నువ్వు వదిలిన ఆఖరి ఊపిరి కూడా ఆ సంచిలో ఉందేమో. దాన్ని బంధించడానికి నాకు చేతులు రాలేదు.