దుమ్ములో నిలబడిన వెలుగు

ఫిబ్రవరి 2

ఇల్లంతా కాగితాలే. ముందుగదిలో బైబిలు వాక్యం పటం పక్క నుంచి వంటింటి గుమ్మం దాకా మా చిన్నది గోడకు కార్డులు అంటించింది. ఒక్కో కార్డులో ఒక గడి, గడిలో పెన్సిలు బొమ్మ. ఒకదాంట్లో తెరిచిన తలుపు. ఒకదాంట్లో ఒట్టి పాదాలు. ఇంకోదాంట్లో గోడ పట్టుకున్న చెయ్యి. దీన్ని స్టోరీబోర్డ్ అంటారట. అమ్మాయి షార్ట్ ఫిల్మ్ తీస్తుందట.

ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే గోడలు పాడుచేస్తున్నావా అన్నాను. ఆలూ ఉంది, చూలూ ఉంది, పేరొక్కటే ఇంకా పెట్టలేదు నాన్నా అంది. నోటికి నా పోలికే.

కథ ఏమిటని అడిగాను. పాట పోయిన ఒకావిడ తాను పాడిన హాల్లోకి మళ్ళీ నడిచి వస్తుంది, వెలుగులో నిలబడుతుంది, అంతే. మాటలుండవు. ఆవిడ ఎవరు అన్నాను. అమ్మే, ఇంకెవరు, అంది.



ఫిబ్రవరి 3

రాయకపోతే నిద్ర పట్టేలా లేదు. మా ఆవిడ గొంతు లేకుండా మా ప్రార్థన హాలుకు ఆదివారం లేదు. నేను మాటలతో జనాన్ని నిలదీసేవాణ్ని, ఆమె పాటతో కూర్చోబెట్టేది. పోయినేడు వచ్చిన జబ్బు కుడిపక్కనూ మాటలనూ తీసుకుపోయింది. ఒక్క మాట వదిలిపెట్టింది. 'మరి'. నీళ్ళు కావాలన్నా మరి. కోపమొచ్చినా మరి. పక్కింటి వాళ్ళ మీద చాడీ చెప్పినా మరి, మరి, మరి! ఏ మరి దేనికో మా ఇద్దరికీ తెలుసు.

ఆ రోజు నుంచి హాలు గడప తొక్కలేదు. నేను బైబిలు సంచీ భుజాన వేసుకోగానే గోడ వైపు తిరిగి పడుకుంటుంది. బతిమాలాను. ఉపవాసం ఉన్నాను. వేదిక మీద బల్ల గుద్ది ఆమె పేరున మొర పెట్టాను. కదల్లేదు.

దీని పెన్సిలు బొమ్మలకు కదులుతుందా?

ఫిబ్రవరి 4

ఒప్పుకుంది.

ఫిబ్రవరి 5

ఎలాగో ఇవాళ చూశాను. చిన్నది వాళ్ళమ్మ కుర్చీని గోడ వెంబడి జరుపుతూ ఒక్కో కార్డు దగ్గరా ఆగింది. ఇక్కడ నువ్వు తలుపు తోస్తావు, ఇక్కడ కెమెరా కిందికి దిగుతుంది, బాణం గుర్తు అందుకే, ఇక్కడ నీ చెయ్యి మాత్రమే. ఎంత దూరం నడవాలో, ఎక్కడ ఊతం దొరుకుతుందో, ఎక్కడ ఆగిపోవచ్చో అంతా బొమ్మల్లోనే ఉంది. మా ఆవిడ ఎడమచేతి వేలు పాదాల బొమ్మ మీద పెట్టి మరి? అంది. ఒక్కసారే అమ్మా, రెండోసారి నడవమని అడగను, అందుకే కదా ఇన్ని గీస్తున్నాను, అంది చిన్నది.

నేను ఆమెకు స్వస్థత చూపించాను. ఇది దారి చూపించింది. నాకు కొంచెం కుళ్ళుగానే ఉంది.

ఫిబ్రవరి 9

బొమ్మలు చాలవట. ఇప్పుడు లాప్‌టాప్‌లో మా హాలు కట్టింది. టేపు పెట్టి కొలిచి, స్తంభాలు, ఎత్తు కిటికీ, బెంచీలు, అన్నీ. ఒకప్పటి గోడౌను మా హాలు. అదిప్పుడు ఆ తెర మీద ఉంది. దీన్ని ప్రీవిజ్ అంటారట. సినిమా తీయకముందే కంప్యూటర్‌లో తీసి చూసుకోవడం. మధ్యలో కళ్ళూ ముక్కూ లేని బూడిదరంగు మనిషి నిలబడి ఉన్నాడు.

కెమెరామన్ కూడా వచ్చాడు. గుమ్మంలో తలవంచి దూరే మనిషి కాబట్టి మా ఇంట్లో అతని పేరు గెడకర్ర. ఫ్రేములో ఈ బల్ల అడ్డంగా ఉందన్నాడు. చిన్నది ఒక బటన్ నొక్కింది. నా ప్రసంగ పీఠం మాయమైంది!

ఇంతెత్తున లేచాను. ఎన్ని ఆత్మలు ఆ పీఠం ముందు మోకరించాయో నీకు తెలుసా అన్నాను. ముఖం లేని బొమ్మను నిలబెట్టి పీఠాన్ని పీకేశావు, ఇది విగ్రహం కాక మరేమిటి అన్నాను. నాన్నా, అన్‌డూ అని ఒకటుంది, అరవకు, అంది. పీఠం తిరిగి వచ్చింది. దాని వెనక బూడిద మనిషి నడుం దాకా కనబడకుండా పోయాడు. ఆ బొమ్మ ఎత్తు మా ఆవిడ ఎత్తే.

నేను గబగబా బయటికి వచ్చేశాను.

అదే రోజు, సాయంత్రం 6

చిన్నదాని మీద విసరడానికి మాట వెదుకుతూ గ్రంథం తెరిచాను. నా మీదికే వచ్చింది. ఒక ప్రవక్తతో దేవుడు ఒక ఇటుక తీసుకొమ్మన్నాడు. దాని మీద పట్టణాన్ని గీయమన్నాడు. చుట్టూ దిబ్బలు వెయ్యి, దండు దింపు, జరగబోయేది జనం ముందే చూడాలి అన్నాడు. ఎన్నిసార్లు చదివాను ఇది! ఎన్నిసార్లు దాటిపోయాను! తన ఆరాధన గుడారం కట్టించకముందు కొండ మీద దాని నమూనా చూపించినవాడు కూడా ఆయనే కదా.

ఇటుక మీద గీయమన్నవాడు లాప్‌టాప్ మీద వద్దంటాడా?

ఫిబ్రవరి 13

షూటింగ్ మార్చి 15 ఉదయం అనుకున్నారు. చిన్నది ఆ తేదీ కొట్టింది. సమయం కొట్టింది. తెర మీద మా హాల్లోకి సూర్యుడు వచ్చాడు! ఎత్తు కిటికీలోంచి ఏటవాలుగా దిగి, నేల మీద నలుచదరపు వెలుగై, దాని వేలు జరిగే కొద్దీ జరుగుతూ స్తంభం ఎక్కి పోయాడు. ఇంకా రాని ఉదయం, నేను బతికి ఉంటానో లేదో తెలియని ఉదయం, నా కళ్ళ ముందు వెళ్ళిపోయింది.

వెనక్కి తిప్పమన్నాను. తిప్పింది. మళ్ళీ అన్నాను. నాన్నా, పొద్దున్నుంచి సూర్యుణ్ణి బంతాట ఆడిస్తున్నావు, ఇక వదిలెయ్ అంది.

ఒక సేనాని యుద్ధంలో పొద్దును ఆగమంటే ఆగిందని ఎన్నో ప్రసంగాలు చేశాను. ఆగిన పొద్దును చూడటం ఇదే మొదలు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ప్రసంగం అగ్గి! ఇటుక, గుడారం, కొండ, అన్నీ వచ్చాయి. రాబోయే ఉదయాన్ని నేను చూశాను, ఈ స్థలం మీదికి వెలుగు దిగుతుంది, మీరేమో ఇల్లు సిద్ధం చేసుకోలేదు అన్నాను. జనం లేచి నిలబడ్డారు. మా హాలుకు తాళాలూ చీపుళ్ళూ చేతపట్టి తిరిగే తాళాల పెద్దమ్మ అయితే, ఏడ్చి ముక్కు చీదుకుని, నువ్వు తేదీ చెప్పు నాయనా, మిగతాది నేను చూసుకుంటా అంది.

చెప్పాను.

ఫిబ్రవరి 20

కంప్యూటర్ మనిషి సిపాయిలా నడుస్తున్నాడు. మీ అమ్మ అలా నడవదు కదా, ఆమె అక్కడికి చేరేసరికి నీ వెలుగు గోడెక్కిపోతుంది అన్నాను. చిన్నది నోరు తెరిచి నా వైపు చూసింది. గెడకర్ర నా చెయ్యి పట్టుకుని ఊపాడు. అంకుల్, మిమ్మల్ని అసిస్టెంట్ డైరెక్టర్‌గా పెట్టుకోవాలి అన్నాడు. లోపల పొంగిపోయాను. పైకి, సినిమా వాళ్ళ పంక్తిలో నేను కూర్చోను అన్నాను.

వాళ్ళమ్మ వసారాలో నడుస్తుంటే ఫోన్లో తీసి, దాన్ని చూస్తూ బూడిద మనిషి నడక మార్చింది చిన్నది. కుడికాలు ఈడ్పు, భుజం వాలు, గోడ దగ్గర ఆగి ఊపిరి తీసుకోవడం. సాయంత్రానికి తెర మీద ముఖం లేని మా ఆవిడ నడిచింది. అసలు మా ఆవిడ కుర్చీలోంచి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నవ్వు మొదలుపెట్టింది. ఎంత నవ్విందంటే పొలమారింది. మరి, మరి, అని నన్ను పిలిచి చూపించింది. గ్రంథంలోని ఎండిన ఎముకల లోయలో ఎముకకు ఎముక వచ్చి అతుక్కున్న సంగతి గుర్తొచ్చింది. ఆ నవ్వు విని ఏడాది అయింది.

మార్చి 14

రేపే. మా ఆవిడ చీర తానే ఎంచుకుంది. నీలం.

హాలుకు వెళ్ళి చూసి నివ్వెరపోయాను. పెద్దమ్మ, ఆడవాళ్ళు అందరూ కలిసి కడిగేశారు! పైకప్పు బూజు లేదు. నేల అద్దం. నేను నిచ్చెన వేసుకుని ఎత్తు కిటికీ అద్దం సబ్బుతో తోమాను. పీఠాన్ని కూడా నేనే మోసుకెళ్ళి బయట వరండాలో పెట్టాను. ఎవరూ చెప్పలేదు.

మార్చి 15, మధ్యాహ్నం

వరసగా రాస్తాను, లేకపోతే నాకే నమ్మకం కుదరదు.

పొద్దున్నే హాలు తలుపు తీయగానే గెడకర్ర, అంతా అయిపోయింది అన్నాడు. కిటికీలోంచి వెలుగు వస్తోంది, కానీ కనబడటం లేదు. నేల మీద చతురస్రం ఉంది, గాలిలో ఏమీ లేదు. దుమ్ము ఉంటేనే కదా కిరణం కనబడేది, ఎవరు కడిగారు దీన్ని అన్నాడు. చిన్నది నేల మీద చతికిలబడింది. కంప్యూటర్‌లో దుమ్ము నేనే పోశాను, ఇక్కడ ఎప్పుడూ ఉండేదే కదా అనుకున్నాను అంది. పొగ మిషను తెప్పించేలోగా పొద్దు దాటిపోతుంది. వాళ్ళమ్మ అప్పటికే వాకిట్లో కారు దిగి, గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఇవాళ వెనక్కి పంపితే మళ్ళీ రాదు. ఆ సంగతి అందరికీ తెలుసు.

సిద్ధం చెయ్యండి అని గర్జించింది నేను. అద్దం తోమింది నేను. నాకు ఒక్క వచనం తోచలేదు.

పెద్దమ్మకు తోచింది. ఊడ్చిన చేతులకు పొయ్యడం రాదా ఏమిటి, దీనికింత శోకాలెందుకు, అంది. వేదిక వెనక చుట్టిపెట్టిన పాత జంపఖానాలు ఉన్నాయి. కడగడానికి ఓపిక చాలక వదిలేసినవి. లాగాం. తలా ఒక కొస పట్టాం. దులిపాం! పెద్దమ్మ కర్రతో బాదింది. అబ్బ, ఆ తుమ్ములు! ఇన్నేళ్ళ మా మోకాళ్ళ కింది దుమ్మంతా లేచి కిటికీ దాకా వెళ్ళింది. అప్పుడు వెలుగు నిలబడింది. కిటికీ నుంచి నేల దాకా, చేత్తో పట్టుకోవచ్చు అన్నట్టు. అరణ్యంలో జనం ముందు నడిచిన అగ్నిస్తంభం ఇంతకంటే ఎలా ఉండి ఉంటుంది? మంటి మనుషులం, మన మన్నే లేకపోతే వెలుగు కంటికి ఆనదు! ఈ మాట గట్టిగా అనబోయాను. చిన్నది నోటి మీద వేలు పెట్టి చూపించింది.

స్తంభం వెనక జంపఖానా కొస పట్టుకుని నక్కాను.

తలుపు తోసింది. కార్డులో ఉన్నట్టే. గోడ మీద చెయ్యి. కార్డులో ఉన్నట్టే. ఈడ్పు కాలు, ఆగడం, ఊపిరి, మళ్ళీ కాలు. గోడకు అంటించిన బొమ్మలు ఒక్కొక్కటే లేచి నడుస్తున్నాయి. గెడకర్ర మోకాళ్ళ మీద వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు. ఆమె వెలుగులోకి వచ్చింది. నేల మీద అంటించిన టేపు గుర్తు మీద ఆగింది. ముఖం ఎత్తింది. పీఠం ఉండాల్సిన చోట ఏ అడ్డూ లేదు. చిన్నది చెయ్యి ఎత్తేదాకా అలా నిలబడితే చాలు. అక్కడికి బొమ్మలు అయిపోయాయి.

ఆమె నోరు తెరిచింది. పాడింది.

మా పాత పాట. ప్రతి ఆదివారం మొదట పాడేది. రాగం ఎక్కడా తప్పలేదు. మాటలేవీ లేవు, ఉన్నది ఒక్కటే మాట. చరణమంతా మరి, పల్లవంతా మరి, ఎత్తుకున్న చోట మరి, దించిన చోట మరి. చివర్లో గొంతు బొంగురుపోయింది, అయినా వదల్లేదు. జంపఖానాలు పట్టుకున్న చేతులు పట్టుకున్నట్టే ఉన్నాయి. పెద్దమ్మ కర్ర నేలకు ఆనించి దానిమీద గడ్డం పెట్టుకుంది.

స్వస్థత అంటే ఇదని నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

పాట అయ్యాక గెడకర్ర ముఖం పాలిపోయింది. మాటల్లేని సినిమా కాబట్టి సౌండ్ ఆపేసి పెట్టాడట. మైకు లేదు. ఏమీ రికార్డు కాలేదు. ఇంకోసారి పాడించండి అని నేనే అన్నాను, ఉండబట్టలేక. చిన్నది కళ్ళు తుడుచుకుని ఒక్కసారే అని మాటిచ్చాను నాన్నా అంది. మా ఆవిడ నా వైపు చూసి మరి అంది. ఆ మరి నాకు బాగా తెలుసు. నోరు మూసుకొమ్మని.

మార్చి 16, ఆదివారం

పీఠం లోపలికి తేలేదు. నేల మీద నిలబడి మాట్లాడాను. గొంతు తగ్గింది. దుమ్ము వల్ల అన్నాను.

ఏప్రిల్ 27, ఆదివారం

హాలు గోడ మీద సినిమా వేశారు. వెలుగులో ఆమె నోరు కదిలింది. శబ్దం లేదు. ముందు పెద్దమ్మ అందుకుంది, ఆ రాగంలోనే, మరి అని. తర్వాత హాలంతా. నేను మాత్రం చూస్తూ ఉండిపోయాను. పక్క కుర్చీలోంచి మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

నేనూ అందుకున్నాను.