కొత్త ఫోను, పాత గేదె

నర్సీపట్నం

చినబాబు బావకి,

ఈ సంగతి ఫోనులో చెబితే ఆ ఫోనే సిగ్గుపడుతుందని కాగితం మీద రాస్తున్నాను. ఏటేటా వచ్చే కొత్త ఫోనులో కొత్తేముందని నాకు మొదట్నుంచీ అనుమానమే. దానికోసం పిల్లలకి పాలిచ్చే గేదెను అమ్మేస్తున్నావని చెల్లి ఏడ్చింది. అందుకే గేదెను నేనే కొంటానని, ఆ డబ్బుతోనే కొత్త ఫోను తెస్తానని చెప్పి నీ పాతది పట్టుకెళ్లాను. దాన్నే శుభ్రంగా తుడిచి, కొత్త కవరు తొడిగి, కొత్త పెట్టెలో పెట్టి ఇచ్చాను. నీ ఫొటోలన్నీ షాపువాడు ఎక్కించాడంటే నమ్మేశావు. గొలుగొండ ఆటోలో అందరికీ చూపిస్తూ, "కెమెరా అంటే ఇదీ బావా, ఆకు మీద సీమ కూడా అవుపిస్తంది" అన్నావు. పోయినేడాది ఆ చీమ ఎక్కడికి పోయింది?

గేదె మా పాకలో ఉంది, బేగి వచ్చి తోలుకుపో. దానికి కవరేమీ తొడగలేదు కాబట్టి గుర్తుపడతావనే అనుకుంటున్నాను.

ఇట్లు,
నీ బావ