బయటి గాలి

జూన్ 3

జ్వరం తగ్గింది. వారం తర్వాత షెడ్డు తెరిచాను. పక్క షెడ్డు వాడు పొగ, గ్యాస్ ఏది లీకైనా పట్టేసే మీటర్ కొన్నాడట. నన్నూ కొనుక్కోమన్నాడు. కార్ల ఏసీ పనిలో నా పేరే 'ముక్కు'. గాలి వచ్చే వెంట్ దగ్గర ఒక్కసారి పీలిస్తే చాలు, కూలెంట్ కారుతోందో, ఫిల్టర్లో ఎలుక చచ్చిందో చెప్పేస్తాను. ఇరవై ఏళ్లలో ఒక్కసారీ తప్పలేదు. దేవుడిచ్చిన మీటరుండగా నీ డబ్బా ఎందుకురా అన్నాను.

జూన్ 5

అక్క కారు తెచ్చింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, అక్కకు నేనంటే మహా గురి. డాష్‌బోర్డులో టిక్‌టిక్ అంటోందట, అద్దానికి ఆవిరి పడుతోందట, సిగ్నల్ దగ్గర ఆగితే అప్పుడప్పుడూ పొగ వాసన వస్తోందట.

గేజ్ పెట్టాను. ప్రెషర్ బాగానే ఉంది. బయటి గాలిని లోపలికి వదిలే మూత ఒకటుంటుంది. దాన్ని తిప్పే మోటారుకు పళ్లు అరిగిపోయాయి. మూత మూసుకుపోయి లోపలి గాలే తిరుగుతోంది. ఆవిరి అందుకే. కొత్త మోటారు రావడానికి రెండు వారాలు పడుతుందన్నారు. అందాకా మూతను తెరిచి వైరుతో కట్టేశాను. చప్పుడూ పోయింది, ఆవిరీ పోయింది.

పొగ సంగతి చూద్దామని వెంట్ దగ్గర ముక్కు పెట్టాను. ఏమీ లేదు. ముందు బండి ఏదో వదిలుంటుందని చెప్పాను.

జూన్ 9

పొయ్యి మీద పాలు మాడిపోయాయి. పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాను. మా ఆవిడ పరుగెత్తుకొచ్చి, ముక్కుందా లేదా నీకు అని అరిచింది.

జూన్ 10

పెట్రోలు డబ్బా మూత తీసి పీల్చాను. ఫినాయిల్ పీల్చాను. థిన్నర్ పీల్చాను. ఏమీ లేదు. నీళ్లను వాసన చూసినట్టుంది. జ్వరం పోతూ పోతూ పట్టుకుపోయింది.

ఎవరికీ చెప్పను. వాసన తెలియని ముక్కు దగ్గరికి ఎవడొస్తాడు?

జూన్ 14

అక్క ఫోన్ చేసింది. వారంగా తలనొప్పి, తను పాఠాలు చెప్పే బడికి చేరేసరికి వికారం. పొగ వాసన ఎక్కువైంది, ఇంకోసారి చూడరా అంది. కోపమొచ్చింది. నాకది ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. నేను చూశాను కదా, నువ్వెళ్లి బీపీ చూపించుకో అన్నాను. ఇంట్లో ఉన్న రోజు తలనొప్పి ఉండదట.

అది రాస్తుంటే చెయ్యి ఆగింది. ఐదో తారీఖున నేను పీల్చినప్పుడు వాసన లేదా, నాకు తెలియలేదా?

జూన్ 15

పక్క షెడ్డుకు వెళ్లి మీటరు అడుగుదామని గేటు దాకా వెళ్లాను. వాడు నవ్వుతాడు. వెనక్కొచ్చేశాను.

జూన్ 17, ఉదయం 6

అక్కా, అమ్మా కారులో పిన్ని వాళ్ల ఊరికి బయలుదేరారు. ఆరు గంటల దారి. వాన దంచుతోంది, అద్దాలు దించే వీల్లేదు. వెళ్తూ వెళ్తూ షెడ్డు ముందు ఆపి, ఒక్కసారి చూడరా అంది అక్క. వాడి ముక్కుండగా మనకేం భయమే అంది అమ్మ.

చెప్పేయాల్సింది. నోటి దాకా వచ్చింది. వెంట్ దగ్గర వంగి, బాగా పీల్చి, ఏ వాసనా లేదన్నాను.

అబద్ధం కాదు. నాకు రాలేదు.

మధ్యాహ్నం 12, బస్సులో

తొమ్మిదిన్నరకు ఓ టాక్సీ వచ్చింది. బానెట్ ఎత్తితే, ఇంజన్‌కు పొగగొట్టం కలిసే చోట నల్లటి మసి. సందు మూసే గాస్కెట్ పోయి పొగంతా బానెట్ కిందే వదులుతోంది. అలాంటి మసినే ఐదో తారీఖున అక్క కారు బానెట్ కింద చూశాను. ఆయిల్ మరక అనుకుని గుడ్డతో తుడిచాను కూడా. ఆ పొగ లోపలికి పోయే దారిని తెరిచి కట్టింది నేనే.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. చేస్తూనే ఉన్నాను. ఎన్నోసారికో ఎవరో ఎత్తారు. దారిలో టీ కొట్టతను. అక్క నీళ్ల సీసా కొని ఫోన్ బల్ల మీద మరిచిపోయిందట. తల పగిలిపోతోంది, కాసేపు పడుకుంటామని చెప్పిందట. ఎంతసేపైందని అడిగాను. ముప్పావు గంట అయ్యుంటుందన్నాడు. అద్దాలు మూసే ఉన్నాయట. ఇంజన్ ఆన్‌లోనే ఉందట. ఇద్దరూ మంచి నిద్రలో ఉన్నారు, లేపమంటారా అని అడిగాడు, ఎంతో మర్యాదగా.

అద్దం పగలగొట్టమని అరిచాను. అతనికి అర్థం కాలేదు. మళ్లీ అరిచాను.

జూన్ 19, హాస్పిటల్

అమ్మ కళ్లు తెరిచింది. అక్క ఇంకా తెరవలేదు.

నర్సు అక్క బట్టలు కవర్లో పెట్టి నా చేతికిచ్చింది. ముడి విప్పాను. పొగ వాసన వచ్చింది.