పిట్టల్ని పట్టడమంటే

అమ్మా, నేను కులాసా. పోయిన కార్డులో "సెలవు రోజున పిట్టల్ని పడుతున్నాను" అని రాస్తే వల వేసి అనుకున్నారా? నాయనమ్మ పాపమంటూ అన్నం మానేసిందా! నేను పట్టేది కెమెరాతో.

నిన్న నేను అద్దెకుంటున్న ఇంటావిడ పెరట్లో నీళ్ల గుంట పక్కన రెండు గంటలు రాయిలా కూర్చున్నాను. "నాలుగు గింజలు చల్లితే వస్తాయి కదమ్మాయ్" అందావిడ. "దాహమేసి వాటంతటవే రావాలండీ" అన్నాను. చివరికి ఓ పసుపు పిట్ట వచ్చింది, మునిగింది, రెక్కలు విదిల్చి నా కళ్లద్దాలు తడిపింది. ఉలిక్కిపడ్డాను, ఫొటో చెదిరింది.

చాటుకి నా నల్ల గొడుగు పంపు. తమ్ముడి దగ్గు తగ్గిందా? నాయనమ్మను అన్నం తినమను, నా దండాలు చెప్పు. నన్ను తీసుకెళ్లడానికి వస్తానన్న నాన్నను రావద్దను. ఆ పిట్ట సరిగ్గా పడేదాకా నేను రాను.