టెంకాయ లేచి నిలబడిన చోటు

మంగళవారం

ఐదో బోరుకు చోటు చూపించమని మా ఆయన మళ్లీ ఆ నీళ్లు చూసే పెద్దాయనను పిలుచుకొచ్చాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని ఆయన చేనంతా తిరిగాడు. వేపచెట్టు దగ్గర టెంకాయ లేచి నిలబడింది.

"ఈడ నీళ్లుండాయమ్మా!" అన్నాడు.

"నాలుగు తూర్లూ ఇట్లే నిలబడింది కదా పెద్దాయనా. నాలుగు బోర్లలోనూ దుమ్మే కదా లేసింది!" అన్నాను.

టెంకాయ లాక్కుని రాతికేసి పగలగొట్టాను. దోసెల్లోకి చట్నీ చేశాను.

ఇక బోరు బండిని ఈ చేలోకి రానివ్వను. పోయిన వానకు నీళ్లన్నీ పల్లపు మూల నుంచి రోడ్డు మీదికి పోయాయి. అక్కడ కుంట తవ్వుతాను. ఎవరూ రాకపోతే ఒక్కదాన్నే తవ్వుతాను.

"వాన రాకుంటే?" అన్నాడు మా ఆయన, చట్నీ మళ్లీ వేయించుకుంటూ.

నేను లేచి పార తీసి వాకిట్లో పెట్టి వచ్చాను.